చువ్వల గుర్తులు

ఇది ఎప్పుడు మొదలైంది? లోపల డాక్టరమ్మ అడగబోయే ప్రశ్న అదొక్కటే. దానికి జవాబు తెలిసిన మనిషిని ఈ లోకంలో నేనొక్కదాన్నే. ఆ నేనేమో లోపల లేను. హోర్షమ్ ఆసుపత్రి వెనక కార్లు నిలుపుకునే చోట, అద్దాలన్నీ దించిన కారులో, లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చున్నాను. పదకొండయింది. లోపల గ్లెనిస్ ఉంది, ఎనభై ఒక్కేళ్ళు, తనని ఇక్కడికి తెచ్చింది నేనే. తన పక్కన చెల్లెలు వాల్మా ఉంది, ఖండం అవతలి కొస నుంచి, ఆల్బనీ నుంచి, ఆదివారం వచ్చింది. నువ్వూ రావే నోలీన్ అని గ్లెనిస్ చెయ్యి పట్టుకుంది కూడా. నాకు పనుందని చెప్పాను. పనుందంటే మా గోధుమ ఊళ్ళల్లో ఎవరూ మారుమాట్లాడరు, ఆ మాట అడ్డం పెట్టుకుని మనిషి దేన్నుంచైనా తప్పించుకోవచ్చు. పని ఉన్నమాట అబద్ధం కాదు. ఈ రోజు గురువారం, పన్నెండింటికల్లా మా పాడ్‌కాస్ట్ జనానికి అందాలి, ఆరేళ్ళలో ఒక్క గురువారం కూడా తప్పలేదు, ఇది మూడువందల పదమూడోది. అందుకని గ్లెనిస్ లోపల డాక్టరు ముందు మాటలు వెతుక్కుంటూ ఉంటే, ఇక్కడ నేను తను మాటలు వెతుక్కున్న చోట్లన్నీ కోసి పారేస్తున్నాను. తెర మీద గొంతు గుట్టలు గుట్టలుగా కనిపిస్తుంది, మాట్లాడినచోట గుట్ట, ఆగినచోట సన్నటి గీత. నా పని ఆ గీతల్ని తీసేసి గుట్టని గుట్టకి అతికించడం. ఆ పని నాకు బాగా వచ్చు.

ఇదంతా మొదలుపెట్టినప్పుడు నేను ఉద్యోగం పోయినదాన్ని. మా ఊరు బ్యూలాలో బ్యాంకు మూసేశారు, ఇరవై రెండేళ్ళు అదే గాజు వెనక కూర్చున్న నాకు పొద్దున్న లేస్తే చెయ్యడానికేమీ లేకుండా పోయింది. ఆ ఏడు ఊరి వ్యవసాయ ప్రదర్శనలో, షో అంటాం మేం, వంటల విభాగానికి చీటీలు రాసే పని ఒప్పుకున్నాను. జడ్జి గ్లెనిస్. తెల్లకోటు వేసుకుని, రంపపు కత్తి పట్టుకుని, పొడవాటి బల్ల వెంట ఒక్కో కేకు దగ్గరా ఆగి చెప్తూ పోతోంది, నేను రాస్తూ పోతున్నాను. ఈ కేకులో ఎండుద్రాక్ష మూడేసి ముక్కలు కొయ్యలేదు, రెండే కోసింది, బద్ధకం. ఈ స్కోను రొట్టె నెత్తిన పిండి మిగిలింది, మొహం కడుక్కోకుండా పెళ్ళికొచ్చినట్టుంది. ఈ స్పాంజి కేకు బ్రహ్మాండం, కానీ ఇది చూడు, అడుగున చువ్వల గుర్తులు. పొయ్యిలోంచి తీసి చల్లారడానికి చువ్వల పీట మీద పెట్టేటప్పుడు మధ్యలో గుడ్డ పరవాలని దీనికి ఎవరూ చెప్పలేదు పాపం, అని ఆ కేకు గీతల మీద వేలు రాసి, పక్కకి జరిపేసింది. నాకు ఎంత నవ్వొచ్చిందో. యాభై ఏళ్ళుగా ఈమె ఇలా మాట్లాడుతుంటే విన్నది చీటీలు రాసేవాళ్ళేనా అనిపించింది. నెల తిరక్కుండా ఒక మైకు కొన్నాను. గ్లెనిస్ వంటగదిలో, గోడ గడియారం తీసి పక్కగదిలో పడేసి, మొదటిది రికార్డు చేశాం. విన్నవాళ్ళు పదకొండు మంది. అందులో మేమిద్దరం, మా ఆయన బ్యారీ, వాల్మా పోతే ఏడుగురు. ఏం చేద్దాం అన్నాను. గ్లెనిస్ కళ్ళజోడు తుడుచుకుంటూ అంది, "పదేళ్ళు. పదేళ్ళకి ఒక్క వారం తక్కువైనా నేను రాను పిల్లా. మా అమ్మ రొట్టెల పులిపిండిని పదేళ్ళు బతికించింది, ఇదెంత. నాకు అప్పటికి ఎనభై అయిదు. అప్పుడు మాట్లాడుకుందాం, మానాలా వద్దా అని." చేతులు కలిపాం. పదేళ్ళు అన్న మాట ఎంత ధైర్యాన్నిచ్చిందో, ఎవరో నాకు మళ్ళీ ఉద్యోగం వేయించినట్టు.

కేకుల పోటీల గురించి ఎవరు వింటారు అనేవాడు బ్యారీ. వినేవాళ్ళున్నారు. మెల్లమెల్లగా, చలికాలపు గోధుమ లేచినట్టు లేచారు, నలభై మంది, రెండొందలు, ఏడాదిన్నరకి పందొమ్మిదొందలు. డునెడిన్ నుంచి ఒక నర్సు, డ్యూటీ దిగి ఇంటికెళ్తూ వింటానని రాసింది. కెనడాలో ఎక్కడో మంచులో ఒకావిడ. గనుల్లో లారీ నడిపే పెద్దమనిషి, పన్నెండు గంటల షిఫ్టులో మీ ఇద్దరి పోట్లాట వింటే ఇంట్లో ఉన్నట్టుంటుందని రాశాడు, ఆయన జన్మలో కేకు చెయ్యలేదుట. ఎక్కువ మంది కాదు, కానీ వచ్చినవాళ్ళు పోరు. ఇలాంటివి పెరగాలంటే ఒకటే కిటుకు, తప్పకపోవడం. పంట కోతలొచ్చినా, మా అత్త పోయినా, నాకు జ్వరమొచ్చినా, గురువారం పన్నెండింటికి మా గొంతులు వాళ్ళ చెవుల్లో ఉండాలి. అది నా దేవుడైపోయింది. ఒక్కసారి తప్పితే ఆ లారీ ఆయన వేరే దేన్నో పెట్టుకుంటాడు, అలవాటు తప్పితే మనిషి మళ్ళీ రాడు. తప్పకూడదు, తప్పకూడదు అనుకుంటూనే అసలు తప్పంతా చేశాను.

నూట నలభై మూడో ఎపిసోడ్. మూడేళ్ళ క్రితం జూలై. టమాటా పచ్చడి సీసాలకి మూత ఎంత బిగించాలన్న దాని గురించి. గ్లెనిస్ మధ్యలో ఆగింది. తను ఆగని మనిషి, ఊపిరి కూడా మాటల మధ్య దొంగతనంగా తీసుకునే మనిషి. ఆగి, తన చేతిలో సీసా వైపు చూసి, నా వైపు చూసింది. ఎనిమిది సెకన్లు. తర్వాత లెక్కపెట్టాను కాబట్టి తెలుసు. "ఏం చెప్తున్నానే?" అంది. మూత గురించి అన్నాను. ఆ, మూత, అని అందుకుని గడగడా చెప్పేసింది. ఆ రాత్రి ఎనిమిది సెకన్లూ తీసేశాను. రెండుసార్లు విన్నాను. అతుకు తెలియలేదు. నాకెంత సంతోషమైందో అది ఇప్పుడు ఒప్పుకోవాలి, సంతోషమే అయింది, భయం కాదు. అతుకు తెలియకుండా చేశానని కుర్చీలో వెనక్కి వాలి కాళ్ళు చాపుకున్నాను. షో రోజున మా ఆడవాళ్ళ మధ్య ఒక మర్యాద ఉంది. జడ్జి రాకముందు బల్ల దగ్గర తిరుగుతున్నప్పుడు ఎదుటిదాని పళ్ళెం అంచున జాము మరక కనిపిస్తే, మన చేతిగుడ్డతో తుడిచేసి వెళ్ళిపోతాం. దానికి చెప్పం. చెబితే అది సిగ్గుపడుతుంది. తనకి ఎవరెవరు తుడిచారో ఎవరికీ తెలియదు, అందరూ శుభ్రమైన పళ్ళేలతోనే నిలబడతారు. గ్లెనిస్‌కి నేను చేసింది అదే అనుకున్నాను. చూశాను, తుడిచాను, చెప్పలేదు. చీటీలు రాయడం కన్నా ముందే మాకు వంటబట్టిన విద్య అది. మనిషి బుర్ర పళ్ళెం కాదన్న సంగతి నాకు తట్టలేదు, తట్టినా తట్టనట్టు ఊరుకున్నాను, ఏదో ఒకటి, రెండూ ఒకటే.

ఆ తర్వాత ఎనిమిది సెకన్లు పన్నెండయ్యాయి. మాటలు జారిపోవడం మొదలైంది, పెద్ద మాటలు కాదు, రోజూ వాడేవే. జల్లెడ. అంచు. ఎండుద్రాక్ష. ఆ మాట కోసం తను గాలిలో వేళ్ళు ఆడిస్తుంటే నేను అందించేదాన్ని, ఇంటికొచ్చి నా గొంతు తీసేసి, పాత ఎపిసోడ్లలోంచి గ్లెనిస్ గొంతులోనే ఆ మాట తెచ్చి అక్కడ అతికించేదాన్ని. అలా తెచ్చుకున్న మాటలు ఒకచోట దాచిపెట్టుకున్నాను, మళ్ళీ మళ్ళీ వెతుక్కోకుండా. నాలుగొందల పైచిలుకు ఉన్నాయి. వెన్న, గ్లెనిస్ గొంతులో, మామూలుగా. వెన్న, కోపంగా. వెన్న, నవ్వుతూ. పోయినేడు వచ్చేసరికి మాటలు చాల్లేదు, వాక్యాలే తేవలసి వచ్చింది. మొన్న ఈస్టరుకి వెళ్ళిన దాంట్లో తన జవాబు ఒకటి మొత్తం నాలుగేళ్ళ నాటిది. ఇరవై రెండు నిమిషాల ఎపిసోడుకి మూడు గంటలు రికార్డు చేసి, రెండు రోజులు కుట్టేదాన్ని. వినేవాళ్ళు ఆరువేలు దాటారు. ఉత్తరాలొచ్చేవి, ఈ వయసులో ఏం జ్ఞాపకమండీ ఆవిడది, మా అమ్మకి వినిపిస్తున్నాను, చూసి సిగ్గుతెచ్చుకోమని. అవి గ్లెనిస్‌కి చదివి వినిపించేదాన్ని కూడా. సిగ్గులేనిదాన్ని. ఒకసారి బ్యారీ టీ గ్లాసు పట్టుకుని నా వెనక నిలబడి చాలాసేపు చూసి అన్నాడు, "ఏమే, ఆ ముసలావిడ నిజంగా అన్న మాట ఇందులో ఒక్కటన్నా మిగిల్చావా?" నీ ట్రాక్టరు సంగతి నువ్వు చూసుకో అన్నాను. నవ్వేసి వెళ్ళిపోయాడు. నాకు నవ్వు రాలేదు, ఆ రాత్రి మూడొంతులు మేలుకునే ఉన్నాను, పొద్దున్న లేచి మిగతా సగం కుట్టాను.

తెర మీద ఇప్పుడు పొడుగాటి గీత. ఇరవై ఏడు సెకన్లు. హెడ్‌ఫోన్లలో గ్లెనిస్ వంటగది తప్ప ఏమీ లేదు, ఫ్రిజ్ గురగుర, బయట గాలా చిలుకలు కిచకిచలాడటం, తను ముక్కుతో ఊపిరి పీల్చడం. మొన్న సోమవారం రికార్డు చేసినది ఇది, వాల్మా వచ్చిన మర్నాడు. వాల్మా పక్కగదిలో కూర్చుని అల్లుకుంటోంది, వద్దు మీకు అడ్డం రాను అని. వచ్చి ఉంటే అక్కడే తేలిపోయేది. రమ్మని నేనూ అనలేదు. ఈ ఇరవై ఏడు సెకన్లలో గ్లెనిస్ నన్నే చూస్తూ ఉంది. నాకు బాగా గుర్తుంది ఆ చూపు, బడిలో జవాబు రాని పిల్ల పక్కబల్ల దాన్ని చూసినట్టు. నా వేలు మీట మీద ఉంది. నొక్కితే పోతుంది. నొక్కలేదు ఇంకా.

వీటన్నిట్లోకీ నన్ను నమిలేసేది ఒకటుంది. పోయినేడు ఆగస్టులో ఒకరోజు వెళ్ళేసరికి గ్లెనిస్ వంటగదిలో కూర్చుని ఉంది, పొయ్యి వెలిగించలేదు, టీ లేదు. "నోలీన్, నాకేదో అవుతోందే" అంది. "నిన్న పాల కోసం వెళ్ళి కొట్టు దగ్గర నిలబడి ఎందుకొచ్చానో తెలియక వెనక్కొచ్చేశాను. మా అమ్మ చివర్లో ఇట్లాగే. నేను డాక్టరు దగ్గరికి వెళ్ళాలేమో." తనే అంది ఆ మాట. నేను అననక్కర్లేకుండా, తనంతట తను, నా చేతికి అందించింది. నేను ఏమన్నాను? పద వెళ్దాం అనలేదు. ఉండు, ముందు టీ తాగు అన్నాను, పొయ్యి వెలిగించాను. అప్పుడు నా ఫోను బల్ల మీదే ఉంది, అంతకుముందు గురువారం ఎపిసోడ్ ఏదో కారులో వింటూ వచ్చాను, అది ఆగిన చోటి నుంచి మళ్ళీ మొదలైంది. నేను నొక్కానో, అదే మోగిందో. నేనే నొక్కాను. గ్లెనిస్ తన గొంతు తను వింది. గడగడా, అడ్డూ ఆపూ లేకుండా, ఎవరెవరి స్పాంజి ఏ ఏడు ఎందుకు కూలిందో పేరుపేరునా చెప్తోంది ఆ గొంతు. వింటూ వింటూ భుజాలు దించుకుంది. "నేను బాగానే ఉన్నానే!" అంది. "పోయినవారమే కదా ఇది? పిచ్చిమొహాన్ని, ఊరికే భయపడ్డాను." టీ తాగింది. నా చెయ్యి తట్టింది. మైకు పెట్టవే అంది. నేను మైకు పెట్టాను. అప్పటికీ ఇప్పటికీ ఏడాది పైన రెండు నెలలు. ఆ రోజు వెళ్ళి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు, డాక్టర్లు ఏం చెయ్యగలరో ఏం చెయ్యలేరో తెలియదు, కానీ తను భయపడ్డప్పుడు భయం న్యాయమైనదేనని చెప్పే మనిషి ఒకరు పక్కన ఉండవలసింది. ఉన్నది నేను. నాకు మూడు రోజుల్లో గురువారం.

మూడు వారాల క్రితం గ్లెనిస్ పక్క ఊరి షోకి జడ్జిమెంటుకని పొద్దున్నే కారు వేసుకుని నలభై కిలోమీటర్లు వెళ్ళింది. ఆ షో ఇంకో పదిహేను రోజులకి. మైదానం గేటు తెరిచే ఉంది, హాలుకి తాళం. తెల్లకోటు తొడుక్కుని, రంపపు కత్తి చేత్తో పట్టుకుని, తాళం వేసిన తలుపు ముందు ఎండలో నిలబడింది. ఎంతసేపని ఎవరికీ తెలియదు. గొర్రెల కంచె బాగుచెయ్యడానికి వచ్చిన రైతు చూసేసరికి మొహమంతా ఎర్రగా కాలిపోయి ఉందిట. కేకులు ఇంకా రాలేదేమిటి బాబూ అని అడిగిందిట అతన్ని. పర్సులో వాల్మా నంబరు దొరికితే వాల్మాకి చేశాడు. నాకు కాదు. నాకు సాయంత్రం తెలిసింది, నేను ఆ మధ్యాహ్నమంతా కూర్చుని గ్లెనిస్ గొంతులో "తేనె" అన్న మాట వెతుకుతున్నాను.

ఈ పొద్దున కారులో గంట ప్రయాణం. రెండు పక్కలా ఆవచేలలాంటి కనోలా పసుప్పచ్చగా పూసి ఉంది, మధ్య మధ్య గోధుమ గాదెలు. ముందు సీట్లో గ్లెనిస్, వెనక వాల్మా. వాల్మాకి డెబ్భై ఆరు, సన్నగా, నిటారుగా, అక్కలాగే కళ్ళు. "నోలీన్, నీకెప్పుడూ చెప్పలేదు కానీ, నీ రుణం తీర్చుకోలేనమ్మా" అంది వెనక నుంచి. "గురువారం టీ పెట్టుకుని కూర్చుంటే అక్క నా వంటింట్లోనే ఉన్నట్టుంటుంది. ఫోన్లో ఏమిటో నసుగుతుంది మహాతల్లి, మీ దాంట్లో మాత్రం దడదడలాడించేస్తుంది."

"ఫోన్లో నువ్వు నన్ను మాట్లాడనిస్తే కదే" అంది గ్లెనిస్.

"చూశావా? ఈవిడకి మతిమరుపుట. పదండి, ఆ డాక్టరే మందు రాయించుకుంటుంది మా అక్క దగ్గర."

ఇద్దరూ నవ్వారు. అద్దంలో వాల్మా నా వైపు చూసి, తల చిన్నగా అడ్డంగా ఊపింది, నవ్విస్తున్నానంతే, నాకు తెలుసులే అన్నట్టు. ఏం తెలుసు ఆవిడకి? ఈ జూన్, జూలై చలికాలం నుంచి ఏదో తేడాగా ఉందని తెలుసు. ఎండలో నిలబడ్డ రోజు తెలుసు. అంతకు ముందు మూడేళ్ళు నా లాప్‌టాప్‌లో ఉన్నాయి. పారేసిన గీతలన్నీ. నేను ఏదీ చెరపలేదు, అసలు రికార్డులన్నీ తేదీలు వేసి ఉన్నాయి, బ్యాంకులో పనిచేసినదాని బుద్ధి. ఇందాక నుంచీ ఒక పాడు ఆలోచన వస్తోంది, ఇప్పుడే ఇక్కడే అవన్నీ చెరిపేస్తే, చలికాలం నుంచే అన్నమాట నిజమైపోతుంది. వాదించడానికి ఎవరూ ఉండరు. గ్లెనిస్‌కి గుర్తుండదు. వాల్మా ఆల్బనీ వెళ్ళిపోతుంది. ఆరువేల మందికి గ్లెనిస్ ఆరోగ్యం బాగాలేదని చెప్పి గౌరవంగా సెలవు తీసుకోవచ్చు, ఎంత మంచిదండీ ఈ నోలీన్, చివరిదాకా చూసుకుంది అంటారు. అనేస్తారు కూడా. చెప్తే ఏం పోతుంది? వాల్మా నా మొహం చూడదు. గ్లెనిస్‌ని తనతో తీసుకుపోతుంది. ఊళ్ళో షో కమిటీలో ప్రతి ఆడదానికీ తెలుస్తుంది. పదేళ్ళ మాట ఆరేళ్ళ దగ్గర ఆగుతుంది. నాకు యాభై ఎనిమిది, మళ్ళీ పొద్దున్న లేస్తే చెయ్యడానికేమీ ఉండదు. ఇదన్నమాట నా బాధ, గ్లెనిస్ గురించి ఏడుస్తున్నాననుకుంటూ మూడొంతులు నా గురించే ఏడుస్తున్నాను. ఇరవై ఏడు సెకన్ల గీత అలాగే ఉంది తెర మీద. పన్నెండుకి ఇరవై నిమిషాలుంది.

కారు తలుపు తెరుచుకుంటే ఉలిక్కిపడ్డాను. వాల్మా. పక్క సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది.

"అక్కచేత పరీక్షకని గడియారం బొమ్మ వేయిస్తున్నారు. నా మొహం చూసి జవాబులు లాగుతోందని నన్ను బయటికి పంపేశారు" అంది. నవ్వబోయి మానేసింది. "ఉడికిపోతున్నావు కదమ్మాయ్ ఈ కారులో. డాక్టరమ్మ అడిగింది, ఎప్పటి నుంచీ అని. చలికాలం నుంచే అన్నాను. అంతేగా? వారం వారం పక్కన కూర్చునేదానివి, నీకంటే ఎవరికి తెలుస్తుంది? చలికాలమేగా?"

అవునంటే చాలు. ఒక్క మాట. ఆవిడ జవాబు కూడా తనే తయారు చేసి నా నోటి దగ్గర పెట్టింది, నేను మింగితే చాలు. మూడేళ్ళుగా గ్లెనిస్‌కి నేను చేసినట్టే.

"కాదండీ" అన్నాను. "మూడేళ్ళయింది."

"మూడేళ్ళేమిటి? నేను ప్రతివారం విన్నానుగా."

హెడ్‌ఫోన్లు తీసి ఆవిడ చెవులకి పెట్టి, సోమవారం నాటిది వినిపించాను. ఎక్కడా కొయ్యనిది. నాకు వినపడదు కానీ తెర మీద కనిపిస్తోంది, ఎక్కడ గ్లెనిస్ ఆగిందో, ఎక్కడ "నల్లగా, ముడతలుగా ఉంటాయే, ఏమంటారే వాటిని" అంటుందో, ఎక్కడ నేను ఎండుద్రాక్ష అంటానో, ఎక్కడ మళ్ళీ రెండో నిమిషంలో అదే అడుగుతుందో. వాల్మా మొహంలో ఏమీ కదలలేదు. అయిపోయాక, నేను తయారు చేసిపెట్టిన ముక్క వినిపించాను. అదే గ్లెనిస్, దడదడలాడించే గ్లెనిస్. వాల్మా హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుంది. వాటి తీగని వేలికి చుట్టుకుంది. నేను క్షమించమనలేదు. ఆ మాటకి అక్కడ చోటు లేదు.

"ఫోన్లో చెప్పిందే చెప్పేది" అంది చివరికి, అద్దంలోంచి ముందుకి చూస్తూ. "ఆదివారం చెప్పింది మంగళవారం మళ్ళీ చెప్పేది, కొత్తగా చెప్తున్నట్టు. గురువారం మీది పెట్టుకుంటే ముత్యాల్లా మాట్లాడేది. రెండిట్లో ఏది నిజమో నేనెట్లా తేల్చుకోను? మా అక్క బుర్ర శుభ్రంగా ఉంది, ఆరువేల మంది వింటున్నారు. మరి చెప్పిందే చెప్తోందని అనిపిస్తున్నది నాకు. అంటే పోతున్నది నా బుర్ర."

"వాల్మా గారూ..."

"మా అమ్మకొచ్చిందే నాకొచ్చిందనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి ధైర్యం చాల్లేదు. పోయినేడు మార్చిలో కారు అమ్మేశాను నోలీన్. లైసెన్సు తీసుకెళ్ళి ఇచ్చేశాను, ఎవరి పిల్లనైనా గుద్దుతానేమోనని. అప్పటి నుంచి బీచికి వెళ్ళలేదు, లైబ్రరీకి వెళ్ళలేదు. ఇంట్లో కూర్చుని, చీటీల మీద అన్నీ రాసుకుంటూ, గురువారం కోసం చూసేదాన్ని." వేలికి చుట్టిన తీగ విప్పి, హెడ్‌ఫోన్లు జాగ్రత్తగా లాప్‌టాప్ మీద పెట్టింది. "ఆ ఏడంతా ఇక్కడ అక్క కారు నడుపుతూనే ఉంది."

గ్లెనిస్‌కి చేసిందొకటే నాకు తెలుసు, దానికి మూడేళ్ళుగా లోపల ఒక మూల సిద్ధపడుతూ వచ్చాను. ఇది నాకు తెలియదు. నేను ఎన్నడూ చూడని ఒక ఇంట్లో, మూడువేల కిలోమీటర్ల అవతల, బుర్ర నిక్షేపంగా ఉన్న ఒక మనిషి తన బుర్రని తనే నమ్మడం మానేసింది, నేను అతుకు తెలియకుండా కుట్టినందుకు. వాల్మా దిగి, తలుపు వెయ్యకుండా పట్టుకుని నిలబడింది.

"లే. లోపలికి పద. ఇది నేను మోసుకెళ్ళను. నువ్వే చెప్పు."

వెళ్ళాను. లాప్‌టాప్ మూసిపెట్టి వెళ్ళాను, అందులో ఏది పూర్తయిందో ఏది కాలేదో చూడలేదు. నడవ పొడుగ్గా ఉంది, వాల్మా ముందు, నేను వెనక. గదిలో కిటికీ పక్కన గ్లెనిస్ కూర్చుని ఉంది, మంచి బ్లౌజు వేసుకుంది, ముత్యాల దిద్దులు పెట్టుకుంది, షోకి వచ్చినట్టు. ముందు బల్ల మీద కాగితం, దాని మీద గుండ్రం, గుండ్రంలో అంకెలన్నీ ఒక పక్కకే గుంపుగా చేరిపోయి ఉన్నాయి. నన్ను చూడగానే మొహం విప్పారింది. భుజాలు దించుకుంది.

"హమ్మయ్య, వచ్చింది" అంది డాక్టరమ్మతో. "ఇది మా నోలీనండీ. నాకు రానివి ఇది చెప్తుంది."

కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను. గ్లెనిస్ నా చెయ్యి పట్టుకుంది. డాక్టరమ్మ చిన్నపిల్ల, నాకు కూతురంతుంటుంది, కలం పట్టుకుని ఎదురు చూస్తోంది. ఎప్పుడు మొదలైందో మీకేమన్నా తెలుసా అండీ అంది. తెలుసన్నాను. నెల చెప్పాను, ఏడు చెప్పాను, ఆ రోజు ఏం మాట్లాడుకుంటున్నామో చెప్పాను. ఆ తర్వాత నేనేం చేశానో, ఎన్నిసార్లు చేశానో, ఎందుకు చేశానో కూడా చెప్పాను, ఎక్కడా ఆపకుండా, ఏమీ తీసెయ్యకుండా. డాక్టరమ్మ రాసుకుంటోంది. వాల్మా గోడకి ఆనుకుని నేల చూస్తోంది. గ్లెనిస్ మాత్రం మొదటి నుంచీ చివరిదాకా నా పెదాలనే చూస్తూ ఉంది. నేను ఆపాక, వెతుకుతున్న మాటే దొరికినట్టు, సరిగ్గా చెప్పావన్నట్టు, తల ఊపింది.